నేర్పినట్టు దాఖలా లేదు

మా కాలేజీ యూనివర్సిటీ అయిన ఏడాది ఆఫీసు గోడకున్న టైమ్‌టేబుల్ చార్టును తీసేశారు. నిలువెత్తు తెల్ల అట్ట అది. ప్రతి జూన్ నెలలో దాని మీద రంగు పెన్సిళ్లతో గడులు గీసి, ఏ గదిలో ఏ గంటకు ఎవరి క్లాసో రాయడం నా పని. బుధ, గురువారాల మధ్యాహ్నం గడుల్లో 'పత్తి ల్యాబ్ – మేస్త్రి' అని ఉండేది. ముందు ఇనీషియల్ లేదు, వెనక డిగ్రీ లేదు. మేస్త్రి అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసేది.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం, రాయడం నాకు పెళ్లయ్యాకే వచ్చింది. మా ఆయన మిల్లు తరఫున పత్తి కొనడానికి ఆదోని, గుంటూరు పోయినప్పుడల్లా వారపత్రికలు తెచ్చేవారు. వాటిని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఊరి బయట తెన్‌కాశి రోడ్డు మీద ఒక ట్రస్టు వాళ్లు పెట్టిన చిన్న కాలేజీలో గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిసిపోయింది.

మేస్త్రిది మా వీధే. ఆయన, మా నాన్న ఒకే స్పిన్నింగ్ మిల్లులో పని చేసేవారు. మా నాన్న యంత్రాల దగ్గర, ఆయన పత్తి గోడౌన్‌లో. లారీ దిగిన బేళ్లలోంచి గుప్పెడు పత్తి లాగి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పీకి, పింజ పొడవెంతో, బలమెంతో, అది ఏ నూలుకు పనికొస్తుందో చెప్పేవారు. ఆయన కాదంటే లారీ వెనక్కి పోయేది. కొన్నాళ్లకు పత్తిని పరీక్షించే యంత్రం వచ్చింది. మిల్లుకు ఆయన వేళ్లతో పని లేకుండా పోయింది.

అప్పుడు మా పాత ప్రిన్సిపాల్ ఆయనను కాలేజీకి పిలుచుకొచ్చారు. ప్రిన్సిపాల్ టెక్స్‌టైల్ చదివిన మనిషి. యంత్రం ఇచ్చిన అంకెను పిల్లలు రాసుకుంటే సరిపోదు, అది తప్పైతే పట్టుకోవడం కూడా రావాలి అనేవారు. మేస్త్రి చదువు ఎనిమిదో క్లాసుతో ఆగిపోయింది కాబట్టి కాగితాల మీద ఆయన ఉద్యోగం ల్యాబ్ అటెండర్. తాళం తీయడం, బల్లలు తుడవడం ఆయన పని. క్లాసు చెప్పేదీ ఆయనే. ఈ సంగతి ట్రస్టు పెద్దల నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరికీ తెలుసు. ఎవరూ తప్పనుకోలేదు.

ఒకసారి ఏదో సంతకం కోసం పోయి ఆ క్లాసు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాను. ఉత్తరం వైపంతా కిటికీలున్న గది అది. పత్తి రంగు సరిగా కనబడాలంటే ఉత్తరపు వెలుతురే కావాలట. ఆ కిటికీల కింద పొడుగు బల్ల, దాని చుట్టూ పదిహేను మంది ఆడపిల్లలు. అందరి చేతుల్లోనూ చిటికెడు పత్తి. ఆయన తమిళం, మా తెలుగు కలిపి మాట్లాడుతున్నారు.

"కండ్లు మూసుకోండి," అన్నారు. "ఇప్పుడు లాగండి. తొందర వద్దు. విడిపోయే ముందు అది కొంచెం పట్టుకుంటాది. ఆ పట్టు ఎట్ల ఉండాదో చూడాల."

సేత్తూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె కళ్లు తెరిచేసింది. "సార్, నాకు ఏమీ తెలియలేదు."

"ఈరోజు తెలియదు. నాకు ఆరు నెలలు తెలియలేదు. మళ్లా లాగు."

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సరిచేయలేదు ఆయన. పక్కన నిలబడి, తానూ చిటికెడు పత్తి తీసుకుని, అదే పని చేస్తూ ఉన్నారు. ఇద్దరూ చాలాసేపు లాగుతూనే ఉన్నారు. నేను సంతకం సంగతి మరచిపోయి తిరిగి వచ్చాను.

పాత ప్రిన్సిపాల్ రిటైరయ్యారు. కాలేజీని యూనివర్సిటీ చేయడానికి ట్రస్టు ఏళ్ల తరబడి తిరిగింది, చివరకు అయింది. కోయంబత్తూరు నుంచి కొత్త రిజిస్ట్రార్ వచ్చారు. ఆయన వెనకే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి ఏదో పొడుగు పేరుండేది. మేమందరం సిస్టమ్ అనేవాళ్లం. అడ్మిషన్లు, హాజరు, పరీక్షలు, గదులు, టీచర్లు, సెలవులు, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. తనిఖీకి వచ్చేవాళ్లకు కావలసిన వివరాలు కూడా నేరుగా అందులోంచే పోతాయి.

అది చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మార్కుల జాబితా కోసం తళవాయిపురం నుంచి మూడుసార్లు బస్సెక్కి వచ్చిన పిల్లలను నేను చూశాను. సిస్టమ్ వచ్చాక వాళ్లకు అది ఫోన్లోనే దొరికింది. నేను రెండు రోజులు కూర్చుని రాసే పట్టికలు రెండు నిమిషాల్లో వచ్చేవి. మొదటి నెలల్లో నాకు ఆ పని ఇష్టంగానే ఉండింది. ఈ వయసులో నేర్చుకోగలిగానని కొంచెం గర్వం కూడా.

మాకు నేర్పడానికి చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. టైమ్‌టేబుల్ ఎక్కించడం చూపించాడు. మొదట కోర్సు ఎంచుకోవాలి, తర్వాత గది, ఆ తర్వాత టీచర్. టీచర్ గడిలో నొక్కితే పేర్ల జాబితా దిగుతుంది. బుధవారం మధ్యాహ్నం పత్తి ల్యాబ్ దగ్గరకు వచ్చేసరికి ఆ జాబితాలో మేస్త్రి లేరు. నేను రెండుసార్లు వెతికాను.

"ఆయన బోధనేతర సిబ్బందిలో ఉన్నారు మేడమ్," అన్నాడు ఇంజనీరు. "వాళ్లను కోర్సుకు కలపడం కుదరదు."

"క్లాసు చెప్పేది ఆయనే."

"అలాగైతే ఆయనను టీచర్‌గా నమోదు చేయాలి. దానికి పీజీ సర్టిఫికెట్ నంబర్ వేయాలి. ఆ గడి ఖాళీగా వదిలితే లోపలికి తీసుకోదు."

"ఆయనలాంటివాళ్లు వేరే చోట్ల ఉండరా? అక్కడ ఏం చేస్తారు?"

"ఎవరూ అడగలేదు మేడమ్. అన్ని యూనివర్సిటీలకూ ఇదే నమూనా."

టైమ్‌టేబుల్ ఆ వారంలో పూర్తి కావాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మొత్తం డిపార్ట్‌మెంట్ ఎర్రగా కనబడుతుంది. డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ పేరు నేను వేసి చూశాను. ఆమెను అడిగే వేశాను, ఆమె సరేనంది. కాని ల్యాబ్ అంటే పిల్లలను రెండు బ్యాచ్‌లుగా విడగొట్టాలని, బ్యాచ్‌కు ఒక టీచర్ ఉండాలని సిస్టమ్ అడిగింది. అంతమంది మాకు లేరు. చివరకు దాన్ని ల్యాబ్‌గా కాకుండా మామూలు క్లాసుగా మార్చి, అలాంటి క్లాసుకు ల్యాబ్ గది పడదు కాబట్టి గది గడిలో, పైఅంతస్తున ఖాళీగా ఉన్న లెక్చర్ హాలు వేశాను. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. నిజంగా పిల్లలు పోయేది పత్తి ల్యాబ్‌కే, చెప్పేది మేస్త్రే. సిస్టమ్‌లో మాత్రం పైఅంతస్తు హాలులో ఇంకొకరు పాఠం చెబుతున్నట్టు ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి కాబట్టి నా తల నెరిసినా పాపా అనే పిలిచేవారు.

"అన్నా, సిస్టమ్‌లో మీ పేరు రాదు. వేరే పేరు వేసినాను. క్లాసు మాత్రం ఎప్పటిలాగానే నడుస్తాది."

"నా పేరు ఎందుకు పాపా," అన్నారు. "పిల్లలు వస్తారు కద?"

"వస్తారు."

"అప్పురం ఏమి, ఇంకేం కావాల. నువ్వు మంచి పనే చేసినావు."

నేను కూడా అలాగే అనుకున్నాను. నిబంధనకు చిక్కకుండా ఒక మంచి మనిషి క్లాసును కాపాడానని ఇంట్లో మా ఆయనకు చెప్పుకున్నాను కూడా.

తర్వాత మూడేళ్లు యూనివర్సిటీ ఎలా పెరిగిందో నా కుర్చీలోంచే చూశాను. ఎవరూ కూర్చుని పెద్ద నిర్ణయాలు తీసుకున్నట్టు నాకు గుర్తు లేదు. చిన్న చిన్న గడులు నింపుతూ పోయాం, అంతే. పీరియడ్ అంటే యాభై నిమిషాలని సిస్టమ్‌లో ఉంది కాబట్టి మధ్యాహ్నమంతా సాగే పనులు ముక్కలయ్యాయి. సీజన్‌లో పిల్లలను జిన్నింగ్ మిల్లుకు తీసుకుపోయే అలవాటు ఉండేది. క్లాసు జరిగే చోటు అన్న గడిలో మా ప్రాంగణంలోని గదులు తప్ప వేరేవి పడవు కాబట్టి, ఆ రోజు అందరికీ గైర్హాజరు పడింది. మరుసటి ఏడు ఎవరూ పోలేదు.

కొత్త కోర్సుల మీటింగ్‌లో రిజిస్ట్రార్ సిస్టమ్‌ను తెర మీద తెరిచేవారు. అందులో ముందే ఉన్న కోర్సులకు కోడ్, సిలబస్ నమూనా, పరీక్ష నమూనా అన్నీ సిద్ధంగా ఉండేవి. లేనిది కావాలంటే కంపెనీకి రాయాలి, నెలలు పడుతుంది. ఒక ప్రొఫెసర్, ఊళ్లో ఇంతమంది బ్యాండేజీ గుడ్డ, ఆసుపత్రి గాజుగుడ్డ నేస్తున్నారు కదా, దాని మీద ఒక కోర్సు పెడదాం అన్నారు. రిజిస్ట్రార్‌కు నచ్చింది. జాబితా కిందిదాకా చూశారు. లేదు. రాద్దాం అన్నారు. తర్వాతి మీటింగ్‌లో ఆ ప్రొఫెసరే ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడాది మేం తెరిచిన నాలుగు కోర్సులూ ఆ జాబితాలోవే. ఏ ఊళ్లోనైనా ఉండగలిగినవి.

అయినా బుధవారం మధ్యాహ్నాలు పత్తి ల్యాబ్‌లో పిల్లలు ఉండేవారు. వరండాలో నడుస్తూ కిటికీలోంచి చూసి, పోనీలే అనుకునేదాన్ని.

మూడో ఏడు చివర ఆన్‌లైన్ పరీక్షల కోసం పెద్ద కంప్యూటర్ హాలు కావలసి వచ్చింది. కొత్తది కట్టే వ్యవధి లేదు. ఏ గది ఎంత వాడుతున్నామో రిపోర్టు తీయమన్నారు రిజిస్ట్రార్. నేనే తీశాను. ప్రింటర్‌లోంచి కాగితం వస్తుండగానే చూశాను. గదుల పేర్లు, ఎదురుగా వాడకం. అన్నిటికంటే కింద పత్తి ల్యాబ్. ఎదురుగా సున్నా. మూడేళ్లూ సున్నా.

కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ సున్నా నేను రాసినదే. ఎరుపును పచ్చ చేయడానికి గది మార్చిన రోజున ఈ సంగతి నాకు తట్టనే లేదు.

రిజిస్ట్రార్ దాన్ని చూసి పెన్సిల్‌తో గీత గీశారు. "ఈ గది బాగుంది. పెద్దది, కింది అంతస్తు," అన్నారు. ఆయన నాతో తమిళంలో మాట్లాడేవారు, ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు.

"సార్, ఆ గదిలో క్లాసు జరుగుతోంది," అన్నాను.

"ఇందులో లేదే."

జరిగినదంతా చెప్పాను. మేస్త్రి గురించి, టీచర్ గడిలో వేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ పేరు గురించి, పైఅంతస్తు హాలు గురించి. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మూడేళ్ల టైమ్‌టేబుల్‌ను తనిఖీకి పంపాం అమ్మా. దాన్ని చూసే మనకు గుర్తింపు ఇచ్చారు. ఒక అటెండర్ క్లాసు చెప్పాడని, చెప్పని క్లాసులు ఆ అమ్మాయి పేరు మీద చూపించామని ఇప్పుడు రాసిస్తే ఏమవుతుంది? ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. మీదీ పోతుంది. బహుశా నాదీ." కాగితాన్ని నా వైపు తిప్పి అడిగారు. "ఒక్కమాట చెప్పండి. ఈ రిపోర్టు సరైనదా, కాదా?"

కాదు అని చెప్పడానికే లోపలికి పోయాను. నోట్లో ఆ మాట ఉంది. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్ ముఖం గుర్తొచ్చింది. నా సర్వీసు ఇంకెన్నేళ్లుందో కూడా గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో ఇప్పటికీ నిజాయితీగా చెప్పలేను.

"సరైనదే సార్," అన్నాను.

"సరే," అని ఆయన సంతకం పెట్టారు.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. నేను పత్తి ల్యాబ్‌కు పోయేసరికి మేస్త్రి వెల్వెట్ అతికించిన నల్ల అట్టలను గుడ్డతో తుడిచి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పింజను వాటి మీద పరిచి పొడవు కొలుస్తారు. పనివాళ్లు ఉత్తరం కిటికీలకు బయటినుంచి ప్లైవుడ్ కొడుతున్నారు. ఏసీ పెడతారు కాబట్టి కిటికీలు అక్కరలేదట. ఒక్కో ప్లైవుడ్ పలకా బిగిసేకొద్దీ గది చీకటవుతోంది.

"అన్నా," అన్నాను. "ఇది నా వల్లనే అయినాది."

ఆయన పని ఆపారు. అంతా చెప్పాను. గది మార్చి వేయడం, సున్నా రావడం, రిజిస్ట్రార్ అడగడం, నేను సరైనదే అనడం. చివరి మాట చెప్పకుండా ఉండాలని చాలా అనిపించింది. కాని చెప్పాను.

ఆయన చేతిలో అట్టను ఇంకొకసారి తుడిచారు. తర్వాత అడిగారు.

"నువ్వు కాదని చెప్పి ఉంటే గది ఉండునా?"

"తెలియదు అన్నా. ఉండకపోవచ్చు."

"సరి," అన్నారు. అట్టను దొంతర మీద పెట్టి, "నీ పైన కోపం లేదు పాపా. నువ్వు మంచికే చేసినావు. కాని వచ్చే నెల పిల్లలు వస్తారు కద. వాళ్లను నేను యాడ నిలబెట్టేది?"

జవాబు కోసం చూడకుండా ఆయన ఇంకో అట్ట అందుకున్నారు.

ఆయనను హాస్టల్ స్టోర్‌కు మార్చారు. జూలైలో కాలేజీ తెరిచాక, మధ్యాహ్నం భోజనం వేళ బైకుల స్టాండ్ రేకుల కింద కొందరు పిల్లలు ఆయన చుట్టూ నిలబడడం చూశాను. టిఫిన్ డబ్బాలో పత్తి తెచ్చేవారు. గాలి వీస్తే పింజ ఎగిరిపోతోందని ఒకరి వెనక ఒకరు గోడలా నిలబడేవారు. రెండు మూడు వారాలు అలా సాగింది. భోజనం తర్వాతి పీరియడ్‌కు వేలిముద్ర వేయడం ఆలస్యమై పిల్లలకు గైర్హాజరు పడసాగింది. ఒకరోజు ఆయనే వాళ్లను ఇక రావద్దన్నారట.

ఆ తర్వాత ఏడాదికి ఆయన నా బల్ల దగ్గరకు వచ్చారు. తెల్ల చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చారు. వేరే జిల్లాలో మిల్లుల వాళ్లు కలిసి ఒక శిక్షణ కేంద్రం పెడుతున్నారట. పత్తి చూడడం నేర్పే మనిషి కావాలన్నారట. ఆయన చేతి పని చూసి ఒప్పుకున్నారట. "ఒక లెటర్ మాత్రం కావాలంట పాపా. ఇక్కడ ఇన్నేండ్లు పిల్లలకు నేర్పినానని."

సర్టిఫికెట్లు కూడా సిస్టమ్‌లోంచే వస్తాయి. ఉద్యోగి నంబర్ వేస్తే చాలు, అదే రాసి, కింద ఫోన్‌తో స్కాన్ చేసే చదరపు గుర్తు ముద్రించి ఇస్తుంది. ఒక్క అక్షరం మార్చడానికి లేదు. నేను విడిగా ఒక లెటర్ టైపు చేసి రిజిస్ట్రార్ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన పూర్తిగా చదివారు.

"బాగా రాశారు. నేను సంతకం పెట్టలేను," అన్నారు. "వాళ్లు ఆ గుర్తును స్కాన్ చేస్తారు. మన రికార్డు ఒకటి చెప్పి, నా సంతకం ఇంకొకటి చెప్పకూడదు."

సిస్టమ్ ఇచ్చిన కాగితమే ప్రింటు తీసి తెచ్చి మేస్త్రి చేతికి ఇచ్చాను. ఇంగ్లీషులో ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కొంచెం దూరం పెట్టి చూసి, నాకే తిరిగి ఇచ్చారు.

"చదివి చెప్పు పాపా."

చదివాను. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఇక్కడ ల్యాబ్ అటెండర్‌గా, తర్వాత స్టోర్ అటెండర్‌గా పనిచేస్తున్నారు. విధులు: గదుల శుభ్రత, సామగ్రి సంరక్షణ. ప్రవర్తన మంచిది.

"నేర్పినట్టు ఉండాదా?"

"లేదు అన్నా."

"ఇంకొకసారి చూడు. యాడన్నా చిన్నగా వేసి ఉంటారు."

కాగితం వెనక కూడా తిప్పి చూశాను. అక్కడ ఏమీ ఉండదని తెలిసీ తిప్పాను. "లేదు అన్నా," అన్నాను మళ్లీ.

ఆయన తల ఊపారు. కాగితాన్ని మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "పరవాలేదు. ప్రవర్తన మంచిదని వేసినారు కద," అని పోయారు. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని చాలాసార్లు ఆలోచించాను. లేదు. ఆయన అలా మాట్లాడే మనిషి కాదు.

శిక్షణ కేంద్రం వాళ్లు ఆయనను తీసుకోలేదు. కొన్నాళ్లకు యూనివర్సిటీలో కూడా పని మానేసి, ఊళ్లోనే ఒక గాజుగుడ్డ తయారుచేసే చోట కట్టలు మడిచే పనికి పోయారు. పాత బస్‌స్టాండ్ దగ్గర ఒకసారి కనబడ్డారు. షేర్ ఆటో కోసం నిలబడి దగ్గుతున్నారు. మిల్లులో పీల్చిన పత్తి దుమ్ము ఏళ్ల తర్వాత బయటపడుతుందని మా నాన్నను చూసి నాకు తెలుసు. నన్ను చూసి దగ్గు ఆపుకోవాలని చూశారు.

"అన్నా, ఆసుపత్రికి పోయినారా?"

"పోయినాను. మాత్రలు ఇచ్చినారు." తర్వాత ఆయనే అడిగారు. "ఈ ఏడు టెక్స్‌టైల్‌లో ఎంతమంది చేరినారు?"

ఆ ఏడు ఆ డిపార్ట్‌మెంట్‌ను అసలు తెరవలేదు. చేరినవాళ్లు సిస్టమ్ అడిగే కనీస సంఖ్యకు చాలలేదు. దరఖాస్తు పెట్టిన కొద్దిమందినీ వేరే కోర్సులకు పంపేశాం. చుట్టూ మిల్లులున్న మా ఊరి యూనివర్సిటీలో పత్తి గురించి చెప్పే క్లాసు ఒక్కటీ మిగలలేదు.

"తక్కువే అన్నా," అన్నాను. ఆటో వచ్చింది, ఎక్కి పోయారు. ఆయనకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆయనతో మాట్లాడిన చివరి మాట కూడా అదే.

అక్టోబరు చివర, ఐప్పసి నెల వానల్లో ఆయన పోయారు. నాకు తెలిసేసరికి వీధిలో చాప పరిచేశారు. యూనివర్సిటీ నుంచి ఎవరూ రాలేదు. ఉద్యోగుల జాబితాలో లేని మనిషికి సంతాపం పంపే ఏర్పాటు లేదు. నేను రిజిస్ట్రార్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చాక ఆడవాళ్లు కొందరు వచ్చారు. కొందరు మిల్లు యూనిఫామ్ చీరల్లోనే ఉన్నారు, షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు. సేత్తూరు అమ్మాయిని పోల్చుకున్నాను. ఇప్పుడు పెద్దదైంది, ఒక మిల్లులో నాణ్యత చూసే విభాగానికి పెద్ద. ఆయన చేతులను చాలాసేపు చూస్తూ నిలబడింది. బయటికొచ్చి నా పక్కన నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోయిన నెల యంత్రం ఒక లోడును మంచిదనింది," అంది. "నేను లాగి చూసినాను. కాదు. మళ్లా కొలిపించినాను, యంత్రమే తప్పు. సార్‌కు ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. రేపు, రేపు అని పోయినాది."

తర్వాత నన్ను అడిగింది. "మేడమ్, సార్‌ను కాలేజీ వాళ్లు ఎందుకు పంపించేసినారు?"

పంపించలేదు, ఆయనే మానేశారు అన్నాను. అది అబద్ధం కాదు. కాని అలా చెప్పినందుకు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

పదహారో రోజు కార్యం అయ్యాక ఒక ఉదయం ఆఫీసుకు పోయే ముందు వాళ్లింటికి పోయాను. ఆయన భార్యను నేను అక్కా అంటాను. గడప దగ్గర కూర్చుని మునగాకు తుంచుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"అక్కా, నీకు ఒక మాట చెప్పాల," అన్నాను. మొదటినుంచీ చెప్పాను. సిస్టమ్ అంటే ఏమిటో, గడులు, రంగులు ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన గదిని నా చేత్తోనే సున్నా చేశానని, అది తప్పని చెప్పగలిగిన రోజున చెప్పలేదని చెప్పాను. ఆమె చేతులు ఆకు తుంచుతూనే ఉన్నాయి.

"ఆయనకు తెలుసా?" అంది.

"తెలుసు. అప్పుడే చెప్పినాను."

"నాకు చెప్పలేదు." కాడలను ఒక పక్కకు తోసింది. "పిల్లలు చేరడం లేదు, అందుకే గది మూసినారు అని చెప్పినారు."

తుంచిన ఆకును చేటలోకి ఎత్తింది.

"ఆయనే చెప్పకుండా పోయినారు కద," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు ఇప్పుడు ఎందుకు చెప్తావు? నిన్ను చూస్తే ఆయనతో పని చేసిన పిల్ల అనుకునేదాన్ని. ఇక అట్ల అనుకోలేను. నీకు బరువు దిగిపోయినాది. నేను ఏమి చేసేది దాన్ని?"

ఆమె లేచి ఆకు చేట పట్టుకుని లోపలికి పోయింది. పోవాలో, ఉండాలో తెలియక కూర్చున్నాను. కాసేపటికి గ్లాసులో కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి మళ్లీ లోపలికి పోయింది. తాగాను. గ్లాసు కడిగి గడప మీద బోర్లించి, బస్సెక్కి ఆఫీసుకు పోయాను.

ఇప్పుడు వీధిలో ఎదురైతే ఆమె తల ఊపుతుంది. ఆగదు.